ఒకే పక్కకి లాగే రంపం: చైన్ పదును మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల రైతులకీ, తోట పనులవాళ్ళకీ మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే చైన్ సాలు బాగుచేసిపెట్టడం నా పని. "మిషన్ లాగడం లేదన్నా" అని తెచ్చే రంపాల్లో చాలావాటికి ఇంజన్‌లో ఏ లోపమూ ఉండదు. చైన్ మొద్దుబారి ఉంటుంది. అందుకే రిపేరుకి వచ్చినవాళ్ళకి ఆకురాయితో చైన్ పదును పెట్టుకోవడం కూడా నేర్పిస్తుంటాను. ఈ విద్య చేతిలో ఉంటే తోటలోనే, చెట్టు కిందే పని గడిచిపోతుంది. లేకపోతే చైన్ మొద్దుబారిన ప్రతిసారీ టౌన్‌కి పరుగు, ఆ పూట కూలీ నష్టం.

ఇక్కడ రాస్తున్న కేసులో మనిషి బద్ధకస్తుడు కాదు, ఆకురాయి పట్టడం రానివాడూ కాదు. "రెండు పక్కలా ప్రతి పన్నుకీ లెక్కపెట్టి సమానంగా తొయ్యి" అని అందరూ చెప్పే సలహాని తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ సలహా వల్లే రంపం చెడింది. రాయడానికి కారణం అదే. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, తోటల వివరాలు తీసేశాను.

ఆయన మామిడి తోటల్లో కొమ్మలు కొట్టే పనిని కాంట్రాక్టుకి పట్టుకుంటాడు. వెంట ఇద్దరు కుర్రాళ్ళు ఉంటారు. తోతాపురి, బేనీషా కాయ కోతలు అయిపోయాక ఆయనకి అసలు సీజన్ మొదలవుతుంది. ముదురు తోటల్లో చెట్టు నడుమ వెలుతురు పడేలా కొమ్మలు తీయడం, మరీ పాతబడిన చెట్లయితే పెద్ద కొమ్మల దాకా కోసి మళ్ళీ చిగురు పోయించడం. మిగతా నెలల్లో గట్ల మీద వేప, చింత, తుమ్మ కోస్తుంటాడు. మిషన్ 58 సీసీది, 20 అంగుళాల బారు, అంటే చైన్ తిరిగే పొడవాటి రేకు. చైన్ పిచ్ (లింకుల సైజు చెప్పే కొలత) 0.325 అంగుళాలు, ఎడమకి తిరిగిన పళ్ళు 19, కుడికి తిరిగినవి 19.

వచ్చిన సమస్య

"అన్నా, కోత ఎడం పక్కకి లాగతా ఉండాది. కొత్త చైన్ ఏస్తే నాలుగు దినాలు బాగుంటాది, ఆపైన మళ్ళీ అదే వంకర." ఆయన చెప్పిన మాటలివి. ఈ రెండో వాక్యమే నాకు అన్నిటికంటే పనికొచ్చింది. ఎందుకో తర్వాత చెబుతాను.

వంకర కోత వల్ల పని ఆలస్యమవడం ఒక్కటే నష్టం కాదు. లావాటి కొమ్మ మీద బారు పక్కకి తిరుగుతూ దిగితే సగం దారిలో పట్టేస్తుంది. దాన్ని లాగి మళ్ళీ ఇంకో చోట మొదలుపెట్టాలి. చివరికి కోసిన ముఖం నున్నగా ఉండదు, మెట్టు పడుతుంది. ఆ మెట్టులో వాన నీళ్ళు నిలుస్తాయి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో ముద్ద ఎంత పూసినా గుంటల్లో సరిగ్గా అంటుకోదు. తోట యజమాని ఒకాయన "ఏంది సామీ ఈ కోత, మెట్లు మెట్లుగా ఉండాది" అని మొహం మీదే అన్నాడట. తర్వాతి సంవత్సరం ఆ తోట పని పోతుందేమోనని ఈయన బాధ.

వచ్చేలోపు ఏమేం చేశాడు

ముందు కొత్త చైన్ వేశాడు. బాగానే కోసింది. కొన్ని పదునుల తర్వాత పాత జబ్బే తిరిగొచ్చింది.

తర్వాత పాత చైన్‌ని టౌన్‌లో ఒక గ్రైండింగ్ షాపులో ఇచ్చాడు. అక్కడ రాయి చక్రం మీద గట్టిగా ఒత్తి పట్టారు. పళ్ళ కొసలు నీలం రంగుకి తిరిగాయి. ఆ నీలం అంటే ఉక్కు కాలిందని అర్థం. కాలిన చోట గట్టితనం మారిపోతుంది. ఒక చోట మెత్తబడి పదును నిలవదు. ఇంకో చోట పైపొర గాజులా గట్టిపడి ఆకురాయి జారిపోతుంది. ఆయనకి రెండూ జరిగాయి.

మూడోసారి ఎవరో "పన్ను ముందుండే మిట్టని తగ్గిస్తే బాగా కొరుకుతుంది" అన్నారు. చైన్‌లో ప్రతి పన్నుకీ ముందు చిన్న మిట్ట ఒకటి ఉంటుంది. కంపెనీ పుస్తకాల్లో డెప్త్ గేజ్ అంటారు. పన్ను చెక్కలోకి ఎంత లోతు దిగాలో ఆ మిట్టే నిర్ణయిస్తుంది. పన్ను అంచు కంటే మిట్ట ఎంత కిందికి ఉంటే అంత మందం చెక్క లేస్తుంది. ఈయన చదును ఆకురాయితో కంటి అంచనా మీద మిట్టలన్నీ అరగదీశాడు. దాంతో మిషన్ కొరకడం కాదు, కుదపడం మొదలుపెట్టింది. చైన్ చెక్కలో పట్టేసి చేతుల్ని ముందుకి లాగేది. బారు కొస తగిలితే ఎదురు తన్నే ప్రమాదం కూడా పెరిగింది. వంకర మాత్రం అలాగే ఉంది.

ముందు దేన్ని అనుమానించాలి

రంపం పక్కకి లాగితే కారణం బారులో ఉండొచ్చు, చైన్‌లో ఉండొచ్చు. బారుకి రెండు అంచులుంటాయి, వాటి మధ్య గాడిలో చైన్ నడుస్తుంది. ఒక అంచు ఎక్కువ అరిగితే చైన్ ఒరుగుతుంది, కోత ఒంకరపోతుంది. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బారుని తిరగేసి, పైది కిందికి వేసి బిగించి, అదే దుంగని కోయాలి. వంకర మారినా, పోయినా తప్పు బారుది. అదే పక్కకి అంతే లాగితే తప్పు చైన్‌ది.

తిరగేసి కోయించాను. ఎడమ పక్కకే లాగింది, అంతే వంకర. బారు అంచుల మీద లేచిన రజనుని చదును ఆకురాయితో తీసేసి, మూలమట్టం పెట్టి చూస్తే తేడా పెద్దగా కనిపించలేదు. ఇక దృష్టంతా చైన్ మీదే.

ఈ పరీక్షలోనే రంపం కింద పడ్డ పొట్టుని చేతిలోకి తీసుకుని చూపించాను. పదునుగా ఉన్న చైన్ కింద పేళ్ళు పేళ్ళుగా పొట్టు పడుతుంది. ఇక్కడ సగం పేళ్ళు, సగం పిండి. ఒక పక్క పళ్ళు చెక్కని తీస్తున్నాయి, రెండో పక్క పళ్ళు ఊరికే రుద్దుతున్నాయన్నమాట.

చైన్ తీసి, మిల్లీమీటరులో వంతులు కూడా కొలిచే వెర్నియర్‌తో పళ్ళ పొడవు కొలిచాం. కుడి పళ్ళు ఎడమ పళ్ళ కంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పొట్టిగా ఉన్నాయి. ఆయన నమ్మలేదు. "రెండు పక్కలా లెక్కపెట్టి సమానంగా తోసినానన్నా" అన్నాడు. నిజమే చెప్పాడు.

సమానంగా తోస్తే సమానంగా అరగదు

పట్టి చూపించమన్నాను. చెట్టు కింద పట్టినట్టే మిషన్‌కి ఎడమ పక్కన కూర్చుని, కాళ్ళతో అదిమి పట్టుకుని మొదలుపెట్టాడు. చైన్ పన్నుని ఎప్పుడూ లోపలి నుంచి బయటికి తోయాలి. కుడి పళ్ళకి ఆయన తన నుంచి అవతలికి తోస్తాడు. మోచెయ్యి తిన్నగా కదులుతుంది, భుజం బలమంతా పడుతుంది, ఆకురాయి మొదలు నుంచి కొస దాకా వెళ్తుంది. ఎడమ పళ్ళ దగ్గరికొచ్చేసరికి అక్కడే కూర్చుని ముందుకి వంగి, మణికట్టు మెలితిప్పి, అవతలి నుంచి తన వైపుకి లాక్కుంటున్నాడు. ఆకురాయి సగం పొడవే నడుస్తోంది, బలం సగమే. లెక్కకి అటూ ఇటూ ఒకటే. ఉక్కు మాత్రం ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పోతోంది.

పన్ను పొడవుకీ వంకరకీ సంబంధం ఏమిటని ఆయన అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. పన్ను పైభాగం చదునుగా ఉండదు, ముందు నుంచి వెనక్కి కొంచెం వాలుగా దిగుతుంది. అరగదీసే కొద్దీ అంచు వెనక్కి పోతుంది, వెనక్కి పోయే కొద్దీ కిందికి కూడా దిగుతుంది. ముందున్న మిట్ట ఎత్తు మాత్రం మారదు. అంచుకీ మిట్టకీ మధ్య తేడా తగ్గిపోయి, పొట్టి పన్ను ఎంత పదునుగా ఉన్నా చెక్కలోకి దిగలేదు. పొడుగు పళ్ళున్న పక్కే ఎక్కువ కొరుకుతుంది, రంపం అటే వెళ్తుంది. ఈయన ఎడమ పళ్ళు పొడుగు, కోత ఎడమకి. మిట్టలన్నిటినీ ఒకేలా తగ్గించడం వల్ల రెండు పక్కలా కొరుకుడు పెరిగిందే తప్ప పక్కల మధ్య తేడా పోలేదు. మూడో ప్రయత్నం ఎందుకు ఫలించలేదో ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఇంకో విషయం కూడా బయటపడింది. ఆయన దగ్గరున్న గుండ్రటి ఆకురాయి 4 మిల్లీమీటర్లది. అది చిన్న రంపాలకి వేసే, పళ్ళ ఎత్తు తక్కువుండే 3/8 అంగుళాల "లో-ప్రొఫైల్" చైన్‌కి సరిపోయేది. 0.325 చైన్‌కి 4.8 మిల్లీమీటర్లది కావాలి. సన్నటి ఆకురాయి పన్ను కిందికి దూరి అంచుని కొక్కెంలా వంచుతుంది. మొదటి కోతకి అద్భుతంగా ఉంటుంది. కానీ అంచు పలచన, చింత చెక్క తగిలిందంటే మడతపడిపోతుంది. అందుకే ఆయన మాటిమాటికీ పదును పెట్టాల్సి వచ్చేది. పెట్టిన ప్రతిసారీ రెండు పక్కల తేడా ఇంకొంచెం పెరిగేది.

నిర్ణయాలు

ఆయన కొత్త చైన్ కొనేసి వెళ్ళిపోదామనుకున్నాడు. వద్దన్నాను. "నాలుగు దినాలు బాగుంటాది, ఆపైన అదే వంకర" అని ఆయనే చెప్పాడు కదా. మందు చేతికి వేయాలి, చైన్‌కి వేస్తే లాభం లేదు. అయితే అది కొమ్మలు కొట్టే సీజన్, పని ఆపమనడం న్యాయం కాదు. అందుకని కొత్త చైన్ మిషన్ మీద ఉంచి పని చేసుకోమన్నాను. సాయంత్రాలు పాత చైన్ మీద నేర్చుకోవాలి. కొత్త చైన్‌కి ఆయన ఆకురాయి తగలకూడదు, మొద్దుబారితే నా దగ్గరికి తేవాలి.

పాత చైన్లు రెండున్నాయి. నీలం తిరిగిన దాన్ని పక్కన పెట్టేశాం. కొన్ని పళ్ళ మీద ఆకురాయి కీచుమని జారిపోతోంది. అలాంటి దాని మీద నేర్చుకునేవాడికి చేతికి తెలియాల్సినది ఏదీ తెలియదు, పైగా కొత్త ఆకురాయి కూడా పాడవుతుంది. చేత్తో పట్టి పొట్టి, పొడుగు చేసిన చైన్‌నే తీసుకున్నాం. దానిలో ఉక్కు మంచిదే.

ముందు ఫైల్ గైడ్ ఇచ్చి చూశాను. ఆకురాయికి బిగించే రేకు అది, దాని మీద 30 డిగ్రీల గీతలుంటాయి. మణికట్టు మెలితిప్పడం వల్ల ఎడమ పళ్ళ కోణం తక్కువగా ఉండేది, అది సర్దుకుంది. ఆకురాయి ఎత్తు కూడా కుదిరింది. గుండ్రటి ఆకురాయి మందంలో అయిదో వంతు పన్ను పైకి కనబడుతూ ఉండాలి, గైడ్ ఆ పని చేసిపెడుతుంది. వంకర కొంత తగ్గింది కానీ పోలేదు. గైడ్ కోణాన్ని పట్టుకుంటుంది, ఎత్తుని పట్టుకుంటుంది. ఎంత ఉక్కు పోయిందో దానికి తెలియదు.

ఏది పనిచేసింది

మొదట కూర్చునే చోటు మార్చాం. బారుని బెంచి వైసులో బిగించి, ఒక పక్క పళ్ళు అయ్యాక లేచి అవతలి పక్కకి వెళ్ళి నిలబడి రెండో పక్క పట్టమన్నాను. ఇప్పుడు రెండు పక్కలా తన నుంచి అవతలికే తోస్తాడు. తోటలో వైసు ఉండదు కాబట్టి కోసిన మొద్దు నెత్తిన రంపంతోనే సన్నటి గాడి పెట్టి, అందులో బారు దింపి చెక్క ముక్కతో బిగించుకోవడం చూపించాను. ఇంజన్ ఆపి, చేతికి తొడుగు వేసుకుని, పట్టేటప్పుడు చైన్ బ్రేకు వేసి, చైన్ జరుపుకునేటప్పుడు తీయాలి. చైన్ కొంచెం బిగుతుగా ఉంటే పన్ను ఊగదు.

తర్వాత లెక్క మాన్పించాను. ఇది ఆయనకి అన్నిటికంటే కష్టమైంది. లెక్కకి బదులు రెండు గుర్తులు ఇచ్చాను. ఒకటి, పన్ను ముఖానికి నల్ల మార్కర్ పూసి ఒక్కసారి తోసి ఆగి చూడాలి. నలుపు అంచు దాకా పోతే ఆకురాయి సరైన చోట నడుస్తోంది. కింద మాత్రమే పోయి అంచున నల్ల గీత మిగిలితే చెయ్యి దిగిపోతోంది. పైనే పోతే చెయ్యి లేస్తోంది. రెండోది వెలుతురు. పన్నుని ఎండకి తిప్పి అంచులోకి చూడాలి. మొద్దుబారిన అంచు మీద వెంట్రుక మందాన తెల్లటి గీత మెరుస్తుంది. పదునెక్కాక వెలుతురు అక్కడ నిలవదు, గీత మాయమవుతుంది. ముఖ్యంగా పై అంచు, పక్క అంచు కలిసే మూల చూడాలి. చెక్కని ముందు తెంపేది ఆ మూలే. మెరుపు పోయాక ఇంకొక్కసారి కూడా తోయకూడదు.

మొదటి సాయంత్రాలు ఒక్కో పన్నుకి ఆయన తీసుకున్న సమయం చూస్తే పక్కనున్న కుర్రాళ్ళకి విసుగొచ్చింది. తొందరపెట్టొద్దన్నాను. ఆకురాయిని వెనక్కి తెచ్చేటప్పుడు పన్నుకి రుద్దకుండా ఎత్తి తేవాలి, ఆ అలవాటు రావడానికే టైమ్ పడుతుంది. ఉక్కు తెగుతున్నప్పుడు ఒకే తీరున ఝుర్రుమని వస్తుంది. జారుతున్నప్పుడు శబ్దం సన్నబడుతుంది. కొన్నాళ్ళకి ఆయన కళ్ళు వేరే చోట ఉన్నా చెవి పట్టుకోవడం మొదలుపెట్టింది.

పళ్ళ పొడవు సరిచేయడానికి, కుడి పళ్ళలో అన్నిటికంటే పొట్టిదాన్ని వెర్నియర్‌తో పట్టుకుని అదే కొలత అనుకున్నాం. ఎడమ పళ్ళన్నీ ఆ కొలతకి దించాం. బాగున్న పళ్ళని అంత అరగదీయడం ఆయనకి మనసొప్పలేదు. చైన్ ఆయుష్షు కొంత పోయిన మాట నిజమే. కానీ పొట్టి పన్నుని పెంచే దారి లేదు, పొడుగుదాన్ని తగ్గించడమే ఉన్నది.

మిట్టల దగ్గర ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. 0.325 చైన్‌కి పన్ను అంచు కంటే మిట్ట సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఎడమ పళ్ళు దించకముందు పళ్ళ మీద తిన్నటి పట్టీ పెట్టి, కింద సందు కొలిచే సన్నటి రేకు (ఫీలర్ గేజ్) దూర్చి చూస్తే కుడి పక్క 0.8 దాకా, ఎడమ పక్క 1 దాటి ఉంది. పోయిన మిట్టని తిరిగి అతికించలేం. అయితే పన్ను వెనక్కి పోయే కొద్దీ అంచు కిందికి దిగుతుందని ముందే చెప్పాను కదా, ఆ గుణమే ఇక్కడ ఆదుకుంది. ఎడమ పళ్ళు పొట్టివయ్యేసరికి అక్కడి తేడా కూడా కుడి పక్క దగ్గరకి వచ్చేసింది. ఇంకా కొంచెం ఎక్కువే ఉంది కాబట్టి కొన్ని పదునుల దాకా మిట్టల జోలికి వెళ్ళొద్దన్నాను. అప్పటిదాకా బారు కొసతో కోయకూడదు, ఎత్తు కొమ్మల మీద ఆ చైన్ వాడకూడదు. నేల మీద దుంగలకే వాడాడు.

ఎండిన వేప దుంగ మీద పరీక్షించాం. మిషన్ని అదమకుండా, దాని బరువుకే దిగనిచ్చాం. తిన్నగా దిగింది. పొట్టంతా పేళ్ళే.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

నేర్పేటప్పుడు "ప్రతి పన్నుకీ ఇన్నిసార్లు తొయ్యి" అని చెప్పడం నేను ఆపేశాను. ఆ మాట రెండు చేతులూ సమానంగా ఉన్నవాడికి సరిపోతుంది, అలాంటివాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. పక్క మారి నిలబడ్డాక కూడా ఈయన ఎడమ పళ్ళకి కొంచెం ఎక్కువసార్లే తోయాల్సి వస్తోంది. అది తప్పు కాదు. మెరుపు ఎక్కడ పోతుందో అక్కడ ఆపితే చాలు. కొన్ని పదునులకోసారి వెర్నియర్ పెట్టి రెండు పక్కలా కొలుచుకోవాలి. పన్ను 4 మిల్లీమీటర్లకి వచ్చిందంటే చైన్ తీసేయాలి, అంతకంటే పొట్టిదైతే విరిగి ఎగిరే ప్రమాదం ఉంది.

పక్కకి లాగే రంపం వచ్చినప్పుడు ముందు బారు తిరగేస్తాను, తర్వాత పళ్ళు కొలుస్తాను, ఆ తర్వాతే మనిషిని పదును పట్టి చూపించమంటాను. ఈ మూడోదాన్ని చాలామంది మెకానిక్కులు వదిలేస్తారు. మిషన్ని చూస్తారు, మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూడరు.

మొద్దుబారడం తగ్గించుకునే పని తోటలోనే ఉంది. మా వైపు మామిడి మాన్లకి చెదలు మట్టి పూత కట్టేస్తాయి. ఆ మన్ను మీద రంపం పెడితే పదును అక్కడికక్కడే పోతుంది. కోసే చోట కొడవలి వీపుతో ఆ మట్టి గీకేయమన్నాను, ఆ తర్వాత ఒక పదును మీద ఆయన చేసే పని బాగా పెరిగింది. గట్టు చెట్లయితే కంచె తీగ, మేకులు లోపలికి పోయి ఉంటాయేమో చూసుకోవాలి. మేకు తగిలి పన్ను పైనుండే క్రోమ్ పూత లేచిపోతే, లేచిన మేర అంతా అరగదీస్తేనే ఆ పన్ను మళ్ళీ పదునెక్కుతుంది.

ఇప్పుడు ఆ కుర్రాళ్ళలో ఒకడు నేర్చుకుంటున్నాడు. అతనిది ఎడమ చేతి వాటం, కాబట్టి తప్పు జరిగితే వంకర కుడికి రావొచ్చు. ఇద్దరూ ఒకే చైన్‌ని మార్చి మార్చి పట్టొద్దన్నాను. పడితే తేడా ఎవరి చేతి నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టం. చైన్లు రెండు చేసి, ఒకదాని లింకు మీద ఎర్ర పెయింటు చుక్క, రెండోదాని మీద తెల్ల చుక్క పెట్టుకున్నారు. చింత కోతలకి పోయే ముందు రెండూ తెస్తామన్నారు, పళ్ళు కొలిచి చూడాలి.